12 టెన్సులూ బట్టీ పట్టాలా?
ఇంగ్లీషు టెన్సులు (క్రియల కాలాలు) ఎక్కడ మొదలెట్టాలి, 12 కూ బట్టీ పట్టాలా అని అడిగారు కదా, అక్కర్లేదండి. మనకి అసలు తిరకాసు ఎక్కడంటే తెలుగులో 'వెళ్తాను' ఒక్కటే రెండు పనులు చేసేస్తుంది, రోజూ గుంటూరు నుంచి బెజవాడ వెళ్తాను అన్నా, రేపు వెళ్తాను అన్నా అదే మాట. ఇంగ్లీషులో అలా కుదరదు, రోజూ అయితే ఐ గో, రేపైతే ఐ విల్ గో, ఇదిగో బస్సులో మంగళగిరి దాటుతూ ఫోన్‌లో చెప్తుంటే ఐ యామ్ గోయింగ్. నిన్నటిది ఐ వెంట్, కానీ డిడ్ వచ్చిందంటే వెంట్ మళ్లీ గో అయిపోద్ది (డిడ్ నాట్ వెంట్ అని నేనూ చాన్నాళ్లు అన్నా లెండి). ఈ నాలుగూ నోటికి అలవాటయ్యాక హ్యావ్ గాన్ సంగతి చూడొచ్చు, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ (హ్యావ్ బీన్ గోయింగ్ లాంటివి) జోలికి మాత్రం ఇప్పుడే పోకండి.