ఓపీటీ జూన్‌లో ముగిస్తే అక్టోబర్ దాకా పని చేయొచ్చా?

అమెరికాలో చదువు తర్వాత స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి, అంటే మీ ఓపీటీ, జూన్ 20తో అయిపోతుంది, హెచ్‌1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరొచ్చింది, కంపెనీ ఏప్రిల్‌లోనే పిటిషన్ వేసింది. మధ్యలో ఉద్యోగం ఆపాలా అన్నదే కదా మీ టెన్షన్? ఆపక్కర్లేదు. ఓపీటీకీ హెచ్‌1బీకీ మధ్య ఖాళీలో ఇలా దొరికే పొడిగింపునే క్యాప్‌గ్యాప్ అంటారు. ఇదివరకు ఇది, మామూలుగా హెచ్‌1బీ మొదలయ్యే అక్టోబర్ 1 వరకే ఉండేది. 2025 జనవరి 17 నుంచి మరుసటి ఏప్రిల్ 1 దాకా పొడిగించారు. ఈలోగా హెచ్‌1బీ మొదలైతే అక్కడితో సరి.

అయితే ఒక మెలిక ఉంది. పిటిషన్‌లో 'చేంజ్ ఆఫ్ స్టేటస్' (అమెరికాలో ఉండగానే స్టూడెంట్ నుంచి హెచ్‌1బీకి మారడం) అడిగి ఉండాలి. కాన్సులేట్ స్టాంపింగ్ (బయటి దేశంలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా వేయించుకోవడం) అని పెట్టి ఉంటే క్యాప్‌గ్యాప్ రాదు. మా లాయర్ పొరపాటున రెండోదానికే టిక్ పెట్టాడు. పంపేముందు ఐ-129 ఫారం (హెచ్‌1బీ పిటిషన్ ఫారం ఇదే) రెండో భాగం నేనే చూశాను కాబట్టి బతికిపోయాను. మీరూ కాపీ అడిగి చూసుకోండి.

పిటిషన్ అందినట్టు ఐ-797 రసీదు రాగానే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓకి పంపి కొత్త ఐ-20 (మీ స్టూడెంట్ స్టేటస్ పత్రం) తీసుకోండి. ఓపీటీ వర్క్ కార్డు మీద తేదీ దాటినా, ఈ కాగితాలన్నీ కలిపి హెచ్‌ఆర్‌కి ఇస్తే సరిపోతుంది.

చెల్లెలి పెళ్లి ఉన్నా సరే, ఇండియా ప్రయాణం మాత్రం ఇప్పుడే వద్దు. స్టేటస్ మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ అభ్యర్థన వదులుకున్నట్టే లెక్క. పిటిషన్ పాసైనా స్టాంపింగ్ వేయించుకునే తిరిగి రావాలి. ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చమనడం) పెట్టమని కంపెనీని అడగండి. 15 పనిదినాల్లో ఏదో ఒక జవాబు వస్తుంది. టికెట్ సంగతి ఆ తర్వాత.