పసిపిల్లల బడికి లోపలా బయటా చోటు ఎలా అమర్చాలి? ముందు నీడ సంగతి చూడండి

గుంతకల్లులో అద్దె ఇల్లు తీసుకుని, మూడు నుంచి ఆరేళ్లలోపు పిల్లలు 30 మందికి బడి పెడుతున్నామని రాశారు. హాలు గోడలకు కార్టూన్ బొమ్మలు, పెరట్లో ప్లాస్టిక్ గడ్డి, జారుడుబండ అని ఒకాయన కొటేషన్ ఇచ్చాడన్నారు. అనంతపురంలో ఇదే వయసు పిల్లల బడి నడుపుతున్నాను. నా మాట వింటే ఆ గడ్డి మానేయండి. ఎండాకాలంలో పది కాకుండానే దాని మీద పిల్లల అరికాళ్లు చుర్రుమంటాయి. ఆ డబ్బు నీడకు పెట్టండి.

హాలు కొలత విషయంలో భయం లేదు. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం 30 మందికి 35 చదరపు మీటర్ల గది, బయట కనీసం 30 చదరపు మీటర్ల చోటు ఉండాలంటుంది. మీ హాలు 20×20 అడుగులు, అంటే దాదాపు 37 చదరపు మీటర్లు కాబట్టి సరిపోతుంది.

మన బడులలో ముందు రాతపని చేయించి, పదకొండుకు ఆటకు వదులుతారు. మన ఎండకు అది తిరగేయాలి. వేసవిలో తొమ్మిదింటికి ఇంటి నీడ పడమటి వైపు, ఇంచుమించు గోడ ఎత్తంత దూరం పడుతుంది. పదిన్నరకు అందులో సగం కూడా ఉండదు. అందుకే రాగానే ఆట, ఎండ ముదిరాక లోపలికి. మిగతా చోటుకు గ్రీన్ నెట్ పందిరి వేయించండి. ఆషాఢం గాలులు తెలుసు కదా, బొంగులు లోతుగా పాతించి, నెట్‌ను తాళ్లతో గట్టిగా కట్టించండి. వేప, కానుగ మొక్కలు ఇప్పుడే నాటండి. తొందరగా పెరుగుతుందని మునగ మాత్రం వద్దు. కొమ్మ పెళుసు, పైగా గొంగళిపురుగులు పడితే పిల్లల ఒళ్లు దద్దుర్లే.

మా పిల్లలు ఎక్కువసేపు గడిపేది వసారాలో. తాడిపత్రి నల్ల నాపబండలు పరిపించాం. నీడలో ఉంటాయి కాబట్టి చల్లగా ఉంటాయి, సుద్దముక్కతో రాసుకోవచ్చు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చిన్న బకెట్లో నీళ్లు, పెయింట్ బ్రష్ ఇస్తే చాలు. ఒక పాప బండ మీద నీళ్లతో చేప గీసి, తోక గీసేలోపు తల ఆరిపోతుంటే పరుగున వచ్చి నన్ను పిలుచుకుపోయింది. నీళ్లు ఎక్కడికి పోయాయని ఆ పూటంతా ఒకటే మాటలు. అలాంటి పాఠం నేను బోర్డు మీద చెప్పలేను. మీ ఇంటికి వసారా లేకపోతే, తలుపు ముందు పది అడుగులైనా రేకులు దింపించి బండలు వేయించండి. వానలో కూడా పనికొస్తుంది.

పెరట్లో ఒక మూల అడుగు లోతున జల్లించిన వంక ఇసుక పోయించండి. పిల్లులు పాడుచేయకుండా రాత్రిపూట పట్ట కప్పాలి. పెరట్లో రాళ్ల కుప్పలు, పాత కట్టెలు ఉంచకండి, తేళ్లు చేరతాయి. జారుడుబండ కావాలంటే ఇనుపది కాకుండా చూసి, పందిరి కిందే పెట్టించండి.

లోపల గోడలకు లేత రంగు ఒకటి చాలు. కార్టూన్ బొమ్మలు పిల్లలు వారం చూస్తారు, తర్వాత అటు తిరగను కూడా తిరగరు. వాళ్లు గీసిన బొమ్మలు అంటించండి, అదీ వాళ్ల కంటి ఎత్తున, నేల నుంచి రెండున్నర, మూడు అడుగుల్లోపు. అరలు కూడా వాళ్ల చేతికి అందాలి. 1907లో రోమ్‌లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తన బడికి పిల్లల కొలతకు తగ్గ బల్లలు, కుర్చీలు చేయించింది ఇందుకే. ఒక మూల చాప, నాలుగు దిండ్లు, బొమ్మల పుస్తకాలు పెట్టండి. గోలకు అలిసిన పిల్లలకు అది చాలా అవసరం. శెనక్కాయలు, చింతగింజలు వేరుచేసే ఆట నాలుగేళ్లు నిండినవాళ్లకే, అదీ పెద్దవాళ్లు పక్కన ఉంటేనే. చిన్నవాళ్లు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు.

పెరడు ఇంటికి ఏ దిక్కున ఉందో మీరు రాయలేదు. తూర్పున ఉంటే పొద్దున నీడే ఉండదు, పందిరి పెద్దదే వేయాలి. దిక్కు, కొలతలు రాస్తే ఎక్కడేం పెట్టాలో చెబుతాను.