పాత జేబు పిస్తోళ్లు, కొత్త నకళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కోటు జేబులో ఇమిడే పాతకాలపు చిన్న పిస్తోళ్ల గురించి, వాటికి ఈనాడు తయారవుతున్న అచ్చమైన నకళ్ల గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: పద్దెనిమిది, పంతొమ్మిదవ శతాబ్దాల జేబు పిస్తోళ్లకు ఇటలీలో నకళ్లు తయారవుతున్నాయని చదివాను. అసలు వస్తువు మ్యూజియంలో ఉండగా నకలుపై ఇంత ఆసక్తి ఎందుకు? అచ్చమైన నకలు అని దేనిని అనాలి?
(విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ఆ పిస్తోళ్ల నిర్మాణం తెలిస్తే ఆసక్తికి కారణం దానంతటదే బోధపడుతుంది. ఇంగ్లండును 1702 నుంచి 1714 వరకు ఏలిన యాన్ రాణి పేరుతో పిలిచే చెకుముకి పిస్తోలును చూడండి. ఆమె గతించాక కూడా చాలాకాలం ఆ తరహా పిస్తోళ్లు తయారయ్యాయి. చిన్న ఫిరంగిలా తీర్చిన దాని గొట్టం మరల మీద తిరిగి పూర్తిగా ఊడి వస్తుంది. గుండును గొట్టం కొసనుంచి కూరే పని లేకుండా, గొట్టం విప్పి, వెనుక భాగంలోని చిన్న గుంటలో తుపాకి మందు పోసి, దానిపై గుండు పెట్టి, గొట్టాన్ని మళ్లీ బిగిస్తారు. గుండు గొట్టపు రంధ్రం కంటే కాస్త పెద్దది కాబట్టి జేబులో తలకిందులైనా జారిపోదు. పేలినప్పుడు గొట్టాన్ని ఒరుసుకుంటూ వెళుతుంది కాబట్టి వాయువు పక్కలనుంచి వృథాగా పోదు. గుండు కూరే కడ్డీ అవసరమే లేదు. దారిదోపిడీలకు భయపడే ప్రయాణికుడికి ఇంత చిన్న వస్తువులో ఇన్ని సౌకర్యాలు అమర్చిన పనివాడి బుద్ధిని మెచ్చకుండా ఉండలేము.

తరువాతి తరం తయారీదారులు పక్కన ఉండే హ్యామర్‌ను (మందును అంటించేలా కొట్టే సుత్తిని) మధ్యకు తెచ్చి, యంత్రాన్నంతా ఒక పెట్టెలాంటి లోహపు చట్రంలో దాచారు. కొన్నింటిలో ట్రిగ్గర్ కూడా లోపలికి మడుచుకుని ఉండి, హ్యామర్‌ను వెనక్కి లాగినప్పుడే బయటికి వస్తుంది. జేబు గుడ్డకు తగులుకునే అంచు ఎక్కడా ఉండకూడదన్నదే ఈ మార్పులన్నిటి ఉద్దేశం.

ఇదంతా అద్దాల బీరువాలో ఉన్న అసలు పిస్తోలును చూస్తే తెలియదు. దాని గొట్టం విప్పనివ్వరు, విప్పనివ్వకూడదు కూడా. రెండు వందల ఏళ్ల ఇనుములో ఎక్కడ సన్నని పగులు ఉందో బయటికి కనిపించదు కాబట్టి, దానిని పేల్చి చూడడం వస్తువుకూ మనిషికీ ప్రమాదమే. మరలు తిరిగే తీరు, స్ప్రింగు బిగువు, చేతిలో బరువు నిలిచే చోటు వంటివి చేతికే తెలిసే విషయాలు. నకలు వల్ల కలిగే అసలైన మేలు ఇదేనని నా నమ్మకం.

ఈ పనికి పేరొందిన చోటు ఉత్తర ఇటలీలో, బ్రెషా నగరానికి ఎగువన వాల్ ట్రోంపియా లోయలో ఉన్న గార్డోనె పట్టణం. అక్కడివారికి తుపాకుల తయారీ శతాబ్దాల నాటి కులవృత్తి వంటిది. డావిడె పెడెర్సోలి సంస్థ 1957లో, ఆల్డో ఉబెర్టి సంస్థ 1959లో అక్కడే మొదలయ్యాయి. అమెరికా అంతర్యుద్ధపు శతజయంతి 1961లో రానుండగా, ఆనాటి తుపాకులను పేల్చి చూడాలన్న కోరిక అమెరికాలో పెరిగింది. వాల్ ఫోర్జెట్ అనే అమెరికా వ్యాపారి కోల్ట్ 1851 నేవీ రివాల్వరుకు నకళ్లను ఈ లోయలోనే చేయించాడు. ఆ గిరాకీ వల్ల నిలదొక్కుకున్న చేతులే తరువాత చిన్న పిస్తోళ్లకూ పూనుకున్నాయి. యాన్ రాణి తరహా పిస్తోలు, ఫిలడెల్ఫియా తరహా డెరింజర్ అనే చిన్న జేబు పిస్తోలు, గొట్టం విప్పడానికి వీలుండి ట్రిగ్గర్ మడుచుకునే, బెల్జియంలోని లీజ్ నగరపు తరహా పిస్తోలు పెడెర్సోలి తయారీలలో ఉన్నాయి.

ఇక అచ్చదనం మాట. పాత ఇనుముకు బదులు నేటి ఉక్కును వాడడం, భాగాలను యంత్రంపై కోయడం నా దృష్టిలో దోషం కాదు. భద్రత కోసం అది కావలసినదే. పనిచేసే పద్ధతి మారితే మాత్రం అది నకలు కాదు. రెమింగ్టన్ సంస్థ 1866 నుంచి 1935 వరకు, విలియం ఇలియట్ రూపకల్పన ప్రకారం, ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలున్న డెరింజర్‌ను తయారుచేసింది. దాని కీలు దగ్గర పగుళ్లు రావడం పాతవాటిలో తరచుగా కనిపించే లోపం. కొలతలు చెడకుండా ఆ కీలును గట్టిపరిస్తే నకలుకు భంగం లేదు. అదే ఆకారానికి ట్రిగ్గర్ చుట్టూ కమ్మీ, అడ్డంగా తోసే భద్రతా మీట తగిలించి, నేటి తూటాలు పేల్చేలా టెక్సాస్‌లో తయారవుతున్నవి బలమైన పిస్తోళ్లే. అయితే అవి పాతదాని పోలికతో పుట్టిన కొత్త ఆయుధాలు. అమ్మకందారు రెండింటినీ ఒకే పేరుతో పిలిచినా, చరిత్ర కోసం కొనేవారు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

ప్రశ్న: ఇక్కడ పాత తుపాకుల ప్రదర్శనలో గొట్టం విప్పే చిన్న పిస్తోలు ఒకటి కొన్నాను. 1850 ప్రాంతపు లీజ్ పిస్తోలని చెప్పారు. అది పాతదా, ఈ కాలపు నకలా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చా?
(పేరు రాయవద్దన్న పాఠకుడు, డల్లాస్)

జవాబు: మిగతా పరీక్షలన్నిటి కంటే ముందు అందులో మందు, గుండు ఇంకా ఉన్నాయేమో తేల్చుకోండి. ఈ రకం పాత పిస్తోళ్లు తరాల కిందట నింపినవి నింపినట్లే దొరకడం అరుదేమీ కాదు, ఆ మందుకు ఇంకా పేలే శక్తి ఉండవచ్చు. గొట్టం మీరు విప్పవద్దు. నల్లమసి మందు (పాతకాలపు తుపాకి మందు) వాడే తుపాకులు తెలిసిన పనివాడికి అప్పగించండి.

ఆ తరువాత చూడవలసినవి పరీక్షా ముద్రలు, అంటే తుపాకి పేలుడును తట్టుకుంటుందని పరీక్షించాక దానిపై కొట్టే గుర్తులు. లీజ్ పరీక్షాశాల 1810 నుంచి కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అనే రోమన్ అక్షరాలను కొట్టేది. 1893లో వాటిపైన కిరీటం చేరింది. కాబట్టి కిరీటం ఉన్న ముద్ర 1850 నాటిది కాజాలదు. గార్డోనెలోని జాతీయ పరీక్షాశాల నల్లమసి మందు తుపాకులపై నక్షత్రం కింద పి.ఎన్. అనే అక్షరాలు వేస్తుంది. పక్కనే తయారీ సంవత్సరానికి సంకేతం ఉంటుంది. 1975కు రెండు ‘ఎ’లు, 1976కు ‘ఎ’, ‘బి’, అలా ఆ వరుస సాగింది. అంతకు ముందు రోమన్ అంకెలు ఉండేవి. నల్లమసి మందు మాత్రమే వాడాలన్న ఇంగ్లీషు హెచ్చరిక గొట్టంపై కనిపిస్తే అది నకలేననడంలో ఇక సందేహమే లేదు. ఈ ముద్రలు ఉండవలసిన చోట లోహం పల్చబడి, చుట్టుపక్కల తుప్పు పాతదై అక్కడ మాత్రం రంగు కొత్తగా ఉంటే, ఎవరో వాటిని ఆకురాయితో చెరిపివేశారని అనుమానించాలి. తుప్పు వదిలించడానికి మాత్రం తోమకండి. పాతదే అయితే విలువలో పెద్ద భాగం ఆ పొరతోనే పోతుంది.

ఒకవేళ నకలని తేలినా మీరు నిరుత్సాహపడనక్కరలేదు. నకలు ధరకే కొని ఉంటే అది చక్కటి వస్తువే. అమెరికా సమాఖ్య చట్టం 1968 నుంచి 1898 లేదా అంతకు ముందు తయారైనవాటిని ప్రాచీన ఆయుధాలుగా పరిగణిస్తోంది. నేటి తూటాలు వాడలేని వాటి నకళ్లకూ అదే వర్గంలో చోటిచ్చింది. రాష్ట్రాల చట్టాలు వేర్వేరు కనుక మీ రాష్ట్రపు నియమాన్ని విడిగా చూసుకోండి. నకలును పేల్చదలచుకుంటే తయారీదారు చెప్పిన కొలతలో నల్లమసి మందే వాడాలి. పొగరాని నేటి మందు కొద్దిగా పడినా గొట్టం బద్దలై చేతులు పోవచ్చు.

ప్రశ్న: అబ్రహాం లింకన్‌ను కాల్చిన పిస్తోలును దొంగలు కాజేశారని, ఇప్పుడు ప్రదర్శిస్తున్నది నకలేనని విన్నాను. నిజమేనా?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: నిజం కాదు. 1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటరులో జాన్ విల్క్స్ బూత్ వాడినది ఫిలడెల్ఫియా పనివాడు హెన్రీ డెరింజర్ చేసిన, 0.44 అంగుళాల రంధ్రం గల ఒంటి గుండు పిస్తోలు. మొత్తం పొడవు దాదాపు 6 అంగుళాలే. 1960లలో ఒక దొంగల ముఠా దానిని తీసి నకలు పెట్టిందన్న మాట పుట్టడంతో, 1997లో ఎఫ్.బి.ఐ. ప్రయోగశాల ప్రదర్శనలోని పిస్తోలును 1930లలో తీసిన ఫోటోలతో సరిపోల్చింది. కర్రలోని చారల సుడి, అందులోని పగులు, గొట్టంపై ఉన్న గుంట ఫోటోలతో కలిశాయి. ఎంత నేర్పరియైన పనివాడైనా కొలతలను నకలు చేయగలడు గాని, ఒక చెక్కలోని చారలను మరో చెక్కలో పుట్టించలేడు.

ఇటువంటి పుకారుకు డెరింజర్ పిస్తోలు గురికావడంలో వింత లేదు. ఆయన బతికుండగానే దానికి నకిలీలు విపరీతంగా వచ్చాయి. జాన్ డెరింజర్ అనే దర్జీ పేరును అడ్డం పెట్టుకుని జె. డెరింజర్ అన్న ముద్రతో అమ్మినవారూ ఉన్నారు. తన ముద్రను దొంగిలించారని ప్లేట్ అనే శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారిపై ఆయన వేసిన దావాలో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 1865లో ఆయన పక్షాన నిలిచింది. డెరింజర్ 1868లో మరణించాడు. నేటి ఇటలీ నకలు తన సంవత్సరాన్ని, ఊరిని తన ఒంటిపైనే చెప్పుకుంటుంది. ఆ దర్జీ పేరిటి పిస్తోలు కొనేవాడి కళ్లు కప్పడానికే పుట్టింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం గార్డోనె పనివారికి అన్యాయం చేయడమే.

ప్రశ్న: విదేశంలోని బంధువు ద్వారా ఒక యాన్ రాణి పిస్తోలు నకలును తెప్పించుకుని ఇంట్లో అలంకారంగా పెట్టుకోవచ్చా?
(ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: పేలే నకలైతే లైసెన్సు లేకుండా కుదరదు. మన 1959 ఆయుధాల చట్టం పేలుడు పదార్థపు బలంతో గుండును విసిరే ప్రతి సాధనాన్నీ తుపాకిగానే చూస్తుంది; నమూనా ఎంత పాతదన్నది అక్కడ లెక్కలోకి రాదు. దిగుమతికి వేరే లైసెన్సు కావాలి. 45వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని పాత నమూనాలకు, పురాతన విలువ గల ఆయుధాలకు, పాడైపోయినవాటికి మాత్రమే. నిన్న ఉక్కుతో చేసి, పరీక్షించి పంపిన నకలు అందులోకి రాదు. పేలని బొమ్మ నమూనాను తెచ్చి తరువాత పేలేలా మార్చడం కూడా 6వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా చేయరాని పని.

బొమ్మ నమూనానే కావాలనుకున్నా, డబ్బు చెల్లించే ముందే నగర పోలీసు కమిషనర్ కార్యాలయానికి, కస్టమ్స్ వారికి రాసి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. బంధువును ప్రయాణపు సామానులో పెట్టుకుని తెమ్మని మాత్రం అడగవద్దు; విమానాశ్రయంలో చిక్కుల్లో పడేది ఆయనే. పాత ఆయుధాల పనితనాన్ని దగ్గరగా చూడాలన్న మీ కోరికకు మీ ఊళ్లోనే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ ఉంది. శుక్రవారం సెలవు.