ఎవరు గెలుస్తారన్నది అభిమాని ప్రశ్న

తమ్ముడూ,

నువ్వు రాసిన సూపర్‌హీరో కామిక్ స్క్రిప్టు శనివారం అందింది. మొదటిసారి సరదాకి చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఎవరు ఎన్ని పేజీల్లో ఉన్నారో లెక్క వేసుకుంటూ చదివాను. ఇరవై నాలుగు పేజీలు, పదకొండు మంది హీరోలు. వాళ్లలో నలుగురు నోరైనా విప్పకుండా గోడకు గుద్దుకుని పడిపోయారు. పెళ్లి ఫొటోలో వెనక వరసలో సగం తల మాత్రమే కనిపించే చుట్టాల్లా ఉన్నారు పాపం.

తిట్టడానికి రాయడం లేదు. నేనూ అక్కణ్ణుంచే వచ్చాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల్లోంచి అట్టలు చిరిగిన కామిక్స్ ఏరుకొచ్చి, సూపర్‌మ్యాన్ గొప్పా స్పైడర్‌మ్యాన్ గొప్పా అని గొంతు పోయేదాకా వాదించుకున్న బ్యాచ్ మాది. అయితే ఎవరు గెలుస్తారన్నది అభిమాని అడిగే ప్రశ్న. రాసేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. వీళ్లిద్దరిలో ఎవరూ ఎందుకు వెనక్కి తగ్గలేకపోతున్నారు?

1976లో సూపర్‌మ్యాన్ కంపెనీ డీసీ, స్పైడర్‌మ్యాన్ కంపెనీ మార్వెల్ కలిసి ఆ ఇద్దరినీ ఒకే పుస్తకంలో ఎదురెదురుగా నిలబెట్టాయి. పెద్ద సైజు పుస్తకం, ధర 2 డాలర్లు. రచన జెర్రీ కాన్వే, బొమ్మలు రాస్ ఆండ్రూ. కాన్వేకి వచ్చిన చిక్కు చూడు. ఒకడు కొండల్ని ఎత్తేవాడు, ఇంకొకడు గోడలు పాకే కుర్రాడు. న్యాయంగా అయితే మొదటి దెబ్బకే కథ అయిపోవాలి. అందుకని సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ చేత సూపర్‌మ్యాన్ వేషం వేయించి, సూపర్‌మ్యాన్ ప్రియురాలు లోయిస్‌నీ, స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు మేరీ జేన్‌నీ మాయం చేయించాడు. స్పైడర్‌మ్యాన్ కోపానికి కారణం దొరికింది. తర్వాత అదే లూథర్, సూపర్‌మ్యాన్‌ని బలహీనపరిచే ఎర్ర సూర్యుడి శక్తిని స్పైడర్‌మ్యాన్‌కి ఎక్కిస్తాడు, కాసేపు ఇద్దరూ సమానం. ఇదంతా ప్లాట్ పని, కాస్త చెయ్యి తిరిగితే ఎవరైనా చేస్తారు. నాకు ఇన్నేళ్లూ గుర్తుండిపోయింది మాత్రం తగలని దెబ్బ. సూపర్‌మ్యాన్ కోపంలో చెయ్యి విసురుతాడు. తను ఏం చేయబోతున్నాడో తెలిసొచ్చి చివరి క్షణంలో ఆపుకుంటాడు. చెయ్యి తగలదు, ఆ విసురుకి లేచిన గాలికే అవతలివాడు ఎగిరి దూరంగా పడతాడు. అతనికెంత బలం ఉందో, ఆ బలమంటే అతనికే ఎంత భయమో రెండూ అక్కడే తెలిసిపోయాయి. నీ కథలో పేజీకి మూడు బిల్డింగులు కూలాయి. ఒక్కటీ గుర్తులేదు.

మనకిది కొత్తేమీ కాదు. గయుడి కథ గుర్తు తెచ్చుకో. ఆకాశంలో పోతూ పోతూ ఉమ్మేస్తే అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. వాడి తల తీస్తానని ఆయన శపథం. ఎవరి చేతిలో చావు రాసిపెట్టి ఉందో అడక్కుండానే అర్జునుడు అభయం ఇచ్చేశాడు. ఇద్దరిదీ న్యాయమే, మధ్యలో వణుకుతూ ఒక గంధర్వుడు. మన ఊళ్లలో జనం చాపలేసుకుని తెల్లవార్లూ ఆ నాటకం చూసింది ఎవరు గెలుస్తారో తెలియక కాదు. బావా బావమరుదులు అంత దూరం ఎలా వెళ్లారో, పద్యానికి పద్యం ఎలా అంటిస్తారో వినడానికి. నీ హీరోలు కొట్టుకునే ముందు మాట్లాడుకోనే లేదు!

గుంపు పెట్టకూడదని నేననను. 2003లో మొదలైన, డీసీ హీరోల జట్టు జస్టిస్ లీగ్, మార్వెల్ హీరోల జట్టు అవెంజర్స్ ఎదురుపడే కథ నాలుగే సంచికలు. మూడో సంచిక అట్ట మీద రెండొందల మందికి పైగా ఉంటారు. 1980ల్లోనే రావాల్సింది, రెండు కంపెనీల తగాదాలో ఆగిపోయింది. అప్పుడు కొన్ని పేజీలు గీసి పక్కన పెట్టేసిన జార్జ్ పెరెజే ఇరవై ఏళ్ల తర్వాత కర్ట్ బ్యూసిక్ రచనకు మళ్లీ బొమ్మలు గీశాడు. అంత జాతరలోనూ కథ నిలబడింది ఒక్క తేడా మీద. డీసీ వాళ్ల లోకంలో హీరోలకు మ్యూజియంలు కట్టి జనం నెత్తిన పెట్టుకుంటారు. మార్వెల్ లోకంలో మ్యూటెంట్, అంటే పుట్టుకతోనే వింత శక్తులున్నవాడు, కనిపిస్తే తరుముతారు. మీ లోకాన్ని ఇలా వదిలేశారేంటని సూపర్‌మ్యాన్‌కి చిరాకు. మీరు జనాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారని అవెంజర్స్ నాయకుడు కెప్టెన్ అమెరికాకి అనుమానం. ఇద్దరూ సగం సగం కరెక్టే. అన్నట్టు, అందులోనే బ్యాట్‌మ్యాన్ ముఖ్యమైన పని మీద వెళ్తూ, నేరగాళ్లను తుపాకీతో చంపే మార్వెల్ హీరో పనిషర్ మనుషుల్ని కాల్చడం చూసి ఇక కదల్లేడు. ముందు వీడి సంగతి తేలాల్సిందే. ఆ కొట్లాట మనకు చూపించరు కూడా. బ్యాట్‌మ్యాన్ ఆగాడు, అంతే చాలు.

రెండు లోకాలు ఎలా కలిశాయో చెప్పడానికి నువ్వు సైంటిస్టు చేత మూడు పేజీలు లెక్చర్ ఇప్పించావు. కొట్టెయ్. 1961లో వచ్చిన ఒక డీసీ కథలో మెరుపు వేగంతో పరుగెత్తే హీరో ఫ్లాష్ పిల్లల ముందు తాడు ట్రిక్కు చేస్తూ వేగంగా కంపించి మాయమైపోతాడు. తేలేసరికి ఇంకో భూమి, అక్కడ తను చిన్నప్పుడు కామిక్స్‌లో చదువుకున్న పాత ఫ్లాష్! అదెలా అంటే, గార్డ్‌నర్ ఫాక్స్ అనే రచయితకు ఇదంతా కలలో కనిపించేదట. ఆ కథ రాసిందీ ఆ గార్డ్‌నర్ ఫాక్సే. ఆయన కొంటెతనం చూస్తే నాకు అసూయ.

ఇక పద్దెనిమిదో పేజీలో నువ్వు చేసిన హత్య. నేనూ చేశాను. పాతికేళ్ల వయసులో ఒక పత్రికకు పంపిన బొమ్మల కథలో హీరో తమ్ముణ్ణి రెండో పేజీలో తెచ్చి నాలుగో పేజీలో చంపేశాను. ఎడిటర్ గారు తిప్పి పంపుతూ మార్జిన్‌లో ‘ఇతనెవరు?’ అని మాత్రం రాశారు. వారం రోజులు అన్నం సయించలేదు. 1992లో సూపర్‌మ్యాన్‌ని చంపినప్పుడు ఎలా చేశారో వీలైతే పుస్తకం ముందు పెట్టుకుని చూడు. ఒక సంచికలో పేజీకి నాలుగు ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు. తర్వాతి దాంట్లో మూడు. ఆ తర్వాత రెండు. చివరి సంచికలో పేజీకి ఒక్కటే బొమ్మ. చదివేవాడు లెక్కపెట్టడు, కానీ ఊపిరి బిగుసుకుంటుంది. మరుసటి ఏడాదే మళ్లీ బతికించారనుకో, అది వ్యాపారం.

నీ స్క్రిప్టులో నేను పెన్సిలుతో సున్నా చుట్టింది ఒక్కచోటే. ఏడో పేజీ మూడో ప్యానెల్. ఎగురుతూ పోతున్నవాడు కిందికి దిగి, తొక్కిసలాటలో జారిపోయిన ఒక పిల్ల చెప్పు తీసి ఇస్తాడు. ఆ సందు చూసి రెండోవాడు వెనకనుంచి కొడతాడు. నువ్వు దాన్ని జోకుగా రాశావు. నాకైతే నవ్వు రాలేదు. ఆ ఇద్దర్నే ఉంచు. మిగతా తొమ్మిది మందినీ పారెయ్యకు, వేరే నోట్‌బుక్‌లో దాచుకో. ఆ పిల్లకు రెండో చెప్పు దొరికిందో లేదో కూడా రాయి. దసరా సెలవులకు ఇంట్లోనే ఉంటాను, తెచ్చి చూపించు.

మీ అన్నయ్య