పెన్నులు చేసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. వాళ్ల తాతగారి చిన్న లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద ఇంట్లోనే ఇత్తడి పెన్నులు తయారు చేస్తోంది. లెక్కలు, ఫిజిక్స్‌లో మార్కులు ఓ మోస్తరుగా వస్తాయి. ఇక చదువు చాలు, ఇదే నా వృత్తి అంటోంది. ప్రోత్సహించాలా, మాన్పించాలా? – ఒక తండ్రి

జవాబు: మాన్పించకండి. అలాగని ‘పెన్నులు చేసి బతుకుతాను’ అన్న మాటను ఉన్నదున్నట్టు పట్టుకోనూ వద్దు. మీ అమ్మాయికి నచ్చింది పెన్నా, లోహాన్ని కొలతకు తేవడమా అన్నది ముందు తేలాలి. అది తేలితే కోర్సు సంగతి సగం తేలినట్టే.

ఆమె చేస్తున్నది కాలక్షేపం అనుకుంటున్నట్టున్నారు. ఒక్క బాల్‌పెన్ను సంగతే చూడండి. పార్కర్ తరహా రీఫిల్ పొడవు దాదాపు 98 మి.మీ., లావు 6 మి.మీ. ఒంటి ముక్కలో అది పట్టాలంటే కడ్డీలో తన వెడల్పుకు సుమారు 15 రెట్లు లోతున్న రంధ్రం పడాలి. అంత లోతుకు దిగేసరికి రజను బయటికి రాక డ్రిల్ బిట్టును బిగపడుతుంది. కొద్దికొద్దిగా దింపి, బయటికి లాగి, రజను దులిపి మళ్లీ దింపాలి. ఇంత చేసినా బిట్టు ఓ రవ్వ పక్కకు పోతుంది. రీమర్‌తో సరిచేద్దామంటే అది రంధ్రాన్ని నునుపు చేస్తుందే కానీ, ఆ వంకర దారినే తానూ పోతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు రంధ్రం వేసి, ఆ తరవాత అందులో మాండ్రెల్ (రంధ్రంలో దూర్చి ముక్కను పట్టి ఉంచే కడ్డీ) బిగించి, రంధ్రాన్నే ఆధారంగా తీసుకుని బయటి వైపును టర్నింగ్ చేస్తారు, అంటే తిప్పుతూ చెక్కుతారు. అప్పుడు గోడ మందం చుట్టూ సమంగా వస్తుంది. ఏది ముందు, ఏది వెనక అన్న ఈ ఆలోచనకే కర్మాగారాల్లో ప్రాసెస్ ప్లానింగ్ ఇంజినీర్లకు జీతాలిస్తారు. మీ అమ్మాయి ఏ క్రమంలో చేస్తోందో, ఎందుకలా చేస్తోందో అడగండి. తడుముకోకుండా చెబితే ఆ జవాబు మార్కుల జాబితాలో కనిపించేది కాదు.

మార్కుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫౌంటెన్ పెన్ను మూతకు మామూలు మర (తిప్పి బిగించే గాడి) 0.8 మి.మీ. పిచ్‌తో, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య అంత ఎడంతో కోస్తే, 4 మి.మీ. దిగడానికి అయిదు చుట్లు తిప్పాలి. రాసుకునేవాడికి విసుగు పుడుతుంది. 120 డిగ్రీల ఎడంతో ఒకదాని పక్కన ఒకటిగా మూడు మరలు కోస్తే ఒక్కో చుట్టుకు 2.4 మి.మీ. దిగి, రెండు చుట్లలోపే మూత బిగుస్తుంది. ఈ లెక్క వేయగల పిల్లకు గణితం రాదనుకోను. పుస్తకంలో లెక్క ఎందుకో తెలియక చెయ్యలేకపోతోందేమో చూడండి.

ఇప్పుడు పరీక్ష. తను గీయని డ్రాయింగు ఒకటి ఇచ్చి, దాని ప్రకారం ఒకేలాంటి మూడు ముక్కలు చేయమనండి. వ్యాసంలో తేడా 0.02 మి.మీ. మించకూడదు, మైక్రోమీటరుతో ఆమే కొలిచి కాగితం మీద రాయాలి. దాంతోపాటు చెడిపోయిన ముక్కల డబ్బా కూడా చూపించమనండి. ఏ ముక్క ఎందుకు చెడిందో చెప్పగలిగితే నాకు మంచి పెన్ను చూసిన దానికన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

ఆ మూడు ముక్కల పని ఆమెకు విసుగనిపించి, కొత్త ఆకారం గీయడమే ఇష్టమైతే ప్రోడక్ట్ డిజైన్ వైపు చూడండి. కొలత కుదిరినప్పుడు సంతోషం కలుగుతోందంటే టూల్ అండ్ డై మేకింగ్ (కర్మాగారాలకు కావలసిన పనిముట్లు, అచ్చులు తయారుచేసే విద్య) డిప్లొమా ఆమెకు తగిన చోటు. నేరుగా ఇంజినీరింగ్ డిగ్రీకి పంపడం కన్నా నేను దీనికే మొగ్గుతాను. చేతిపని, డ్రాయింగు, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రాల) ప్రోగ్రామింగ్ ఒకే చోట వస్తాయి. మెకానికల్ లేదా ప్రొడక్షన్ డిగ్రీకి ఆ తరవాత వెళ్లే వీలున్న కోర్సునే ఎంచుకోండి. ఎముకల్లో బిగించే టైటానియం స్క్రూలు, విమానాల భాగాలు, వాటి కొలతలను తనిఖీ చేసే మెట్రాలజీ ల్యాబులు, అన్నింటికీ ఇదే పునాది. సీఎన్‌సీ వచ్చాక చేతి లేత్ ఎందుకని కొందరు అంటారు. టూలు కోత పెడుతున్నప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి కోత సరిగా పడటం లేదని పసిగట్టినవారికి, తెర మీద ఏ అంకె మార్చాలో త్వరగా తెలుస్తుంది.

పెన్నుల వ్యాపారం ఎక్కడికీ పోదు. కాకపోతే ఒక పెన్నుకు పట్టిన గంటల్లో పాలిష్‌కు, చెడిన ముక్కలకు పోయినవి కూడా రాసుకుంటే తప్ప ధర కట్టడం కుదరదు. ఆ లెక్క ఇప్పటినుంచే రాయమనండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. లేత్ దగ్గర చేతి తొడుగులు వద్దు. తిరిగే కడ్డీకి చిక్కితే చేతినే లాగేస్తుంది. జడ ముడిచి కట్టుకోవాలి, చున్నీ, పొడవు చేతుల చొక్కా పనికిరావు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. కడ్డీని పట్టి ఉంచే చక్‌ను బిగించిన మరుక్షణం దాని తాళంచెవిని తీసేయాలి. రజనును బ్రష్‌తో తీయాలి, వేలితో కాదు. ఇక టైటానియం జోలికి ఇప్పుడే వెళ్లనివ్వకండి. దాని సన్నని రజను అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. కోర్సులో చేరి, గురువు పక్కన ఉన్నప్పుడు నేర్చుకుంటుంది.