ఫాక్స్ హంట్‌లో ట్రాన్స్‌మిటర్ దగ్గరయ్యాక యాంటెన్నా ఎటు తిప్పినా సిగ్నల్ ఫుల్ ఎందుకు?

రిసీవర్ మీటర్ నిండిపోవడం వల్ల, అంతే. యాంటెన్నా బాగానే ఉంటుంది. ఫాక్స్ హంట్ అంటే దాచిపెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్‌ను హామ్ రేడియోవాళ్లు (సరదాకి రేడియో సెట్లు నడిపేవాళ్లు) దిశ పట్టే యాంటెన్నాతో వెతికే ఆట. అడ్డంకుల్లేని చోట దూరం సగమైతే అందే పవర్ నాలుగు రెట్లవుతుంది, ఆ లెక్కన 2 కిలోమీటర్ల నుంచి 20 మీటర్లకు వస్తే 10,000 రెట్లు. యాగీ (ఈ ఆటలో వాడే, దిశ పట్టే యాంటెన్నా) ముందు వైపుకీ వెనక వైపుకీ తేడా ఉంటుంది గానీ, వెనక నుంచి వచ్చేది కూడా మీటర్ నింపేంత ఉంటే ఆ తేడా ఎలా కనబడుతుంది?

అనంతపురం చుట్టుపక్కల చెట్టూ చేమా లేని బీడులో 145.5 మెగాహెర్ట్జ్ మీద వెతుకుతున్నారనుకోండి, ట్రాన్స్‌మిటర్ ఇంకా చాలా దూరంలో ఉండగానే బార్లన్నీ నిండిపోవచ్చు. అప్పుడు యాంటెన్నాకీ సెట్‌కీ మధ్య సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి. అది లేకపోతే సెట్‌ను మూడు రెట్ల ఫ్రీక్వెన్సీకి, అంటే 436.5 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేయండి, అక్కడ అదే ట్రాన్స్‌మిటర్ నుంచి బలహీనంగా ఏదైనా వినిపిస్తే దాన్ని పట్టుకుని వెళ్లొచ్చు (చవక ట్రాన్స్‌మిటర్లయితే బాగానే వినిపిస్తుంది).

ఫుల్ సిగ్నల్ వస్తే ట్రాన్స్‌మిటర్ పక్కనే ఉన్నట్టని చాలామంది అక్కడే ఆగి రాళ్లన్నీ తిరగేస్తారు, అది పొరపాటు. యాంటెన్నా పీకేస్తే సరిపోతుందనీ అంటారు, కానీ బాగా దగ్గరికెళ్తే ప్లాస్టిక్ బాడీలోంచే సిగ్నల్ లోపలికి దూరుతుంది.