ట్రైలర్ ముందు బాక్సు కొనబోయే అమ్మడికి

అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు బాక్సుల ఫొటోలు చూశాను. ఏది కొనాలో చెప్పు మామయ్యా అన్నావు. ఫొటో చూసి ఇది కొను అని చెప్పేయడం నాకెంతసేపు! కానీ అలా చెబితే రేపు బిగించేటప్పుడో, ఎల్లుండి రోడ్డు మీదో నువ్వే అవస్థ పడతావు. అందుకని ఆ ఫొటోలు కాసేపు పక్కన పెట్టు. నీ టియర్‌డ్రాప్ (కారు వెనక తగిలించుకునే, నీటిబొట్టు ఆకారపు చిన్న పడక ట్రైలర్) ముక్కు, అంటే కారుకు తగిలే ముందు కొస, ఇంకా ఎంత బరువు మోయగలదో ముందు తేల్చుకో. ఆ అంకె చేతికొస్తే ఏ బాక్సు కొనాలన్నది సగం తేలిపోయినట్టే.

మొదటిసారి నేను ముందు బాక్సు కొని తర్వాత బరువు సంగతి చూశాను. పెద్దదైతే మంచిదే కదా అని టంగ్ మీద, అంటే ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చే చట్రం మీద, పట్టినంత పెద్దది తెచ్చి బిగించాను. ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. కానీ చోటున్న చోట సామాను చేరకుండా ఉంటుందా? మొదట బ్యాటరీ వెళ్లింది. తర్వాత నీళ్ల క్యాను, జాకీ, పానాలు, మడత కుర్చీలు, టార్పాలిన్, టెంటు మేకులు. మూడో ప్రయాణానికల్లా కారు వెనక భాగం కిందికి కూర్చుండిపోయింది. రాత్రి నా హెడ్‌లైట్లు రోడ్డు మీద పడాల్సింది పోయి చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. ఎదురుగా వచ్చే ప్రతి బండీ లైట్లు ఆర్పి వెలిగిస్తోంది. అన్నిటికంటే భయం వేసింది స్టీరింగ్‌తో. ముందు చక్రాల మీద బరువు తగ్గిపోయి, తిప్పితే చేతికి ఏమీ తగలనట్టు తేలిగ్గా తిరుగుతోంది. మీ అత్తయ్య తలుపు పైనున్న పిడి పట్టుకుని గమ్యం చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ టెన్షన్ నువ్వు పడకూడదనే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నాను.

సామానంతా సర్దాక ట్రైలర్ కప్లర్ (టంగ్ కొసన బాల్ మీద బోర్లించే గిన్నెలాంటి భాగం) నీ కారు హిచ్ బాల్ (కారు వెనక హిచ్ అనే తగులు కడ్డీకి ఉండే ఉక్కు గుండు) మీద మోపే బరువును ముక్కు బరువు అనుకుందాం. అమెరికాలో చెప్పే లెక్క ప్రకారం అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. యూరప్‌లో కార్ల హిచ్‌లకు పరిమితి తక్కువ కాబట్టి అక్కడ 5 నుంచి 7 శాతం అంటారు. ఏ లెక్క పాటించినా, దాటకూడని గీత మాత్రం నీ బండి మీదే రాసి ఉంటుంది. కారు మాన్యువల్‌లో ఒక అంకె, హిచ్ ప్లేటు మీద ఒకటి, కప్లర్ మీద అచ్చుపోసింది ఒకటి. మూడింటిలో ఏది తక్కువైతే అదే నీ పరిమితి.

బాక్సులో పెట్టిన బరువు అంతా ముక్కు మీద పడదు, అలాగని తక్కువా పడదు. ఇరుసు నుంచి బాల్ దాకా 3 మీటర్లు ఉందనుకో. ఇరుసు నుంచి బాక్సు మధ్యకు 2.4 మీటర్లు. బాక్సూ అందులోని సామానూ కలిపి 50 కిలోలు. 50ని 2.4తో గుణించి 3తో భాగిస్తే 40. అంటే 40 కిలోలు బాల్ మీద పడతాయి, ఇరుసు మోసేది 10 మాత్రమే. నిండా సర్దిన నీ ట్రైలర్ 500 కిలోలు ఉంటే, 10 నుంచి 15 శాతం అంటే 50 నుంచి 75 కిలోలు. ఒక్క బాక్సే అందులో 40 తినేస్తే మిగిలేది ఎంతో నువ్వే చూడు. ఒక 20 లీటర్ల నీళ్ల క్యాను 20 కిలోలు. 100 ఆంపియర్‌అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే దగ్గర దగ్గర 30 కిలోలు, అదే సామర్థ్యం ఉన్న లిథియం బ్యాటరీ అందులో సగం కూడా ఉండదు. బాక్సు పరిమాణం కంటే అందులో ఏం పెడతావన్నది ఎక్కువ లెక్కలోకి వచ్చేది అందుకే.

తూచడం కష్టమేమీ కాదు, ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే తూకం మెషిన్ చాలు. చదునైన నేల మీద ట్రైలర్ నిలబెట్టి చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టు. ప్రయాణానికి ఎలా సర్దుతావో అలాగే సర్దు: పరుపు, దుప్పట్లు, వెనక వంటగదిలో గిన్నెలు, స్టవ్వు, నీళ్లు, అన్నీ. కారుకు తగిలించినప్పుడు కప్లర్ ఏ ఎత్తులో ఉంటుందో అదే ఎత్తు వచ్చేలా ఒక కర్రముక్క కోసి మెషిన్ మీద నిలబెట్టు. టంగ్‌ను నేల మీద ఆనించి నిలిపే జాకీని మెల్లగా పైకి తిప్పుతూ కప్లర్‌ను కర్ర మీదికి దించి, జాకీ కాలు పూర్తిగా నేల వదిలాక అంకె చూడు. అల్లుణ్ణి పక్కన ఉండమను, ఒక్కదానివే చేయకు.

ఇంకో సంగతి ఉందమ్మడూ, చాలామంది దీన్ని గమనించరు. టియర్‌డ్రాప్‌లో వంటగది వెనక ఉంటుంది కాబట్టి గిన్నెలూ నీళ్లూ వెనక ఎక్కువై ముక్కు తేలికైపోయే ట్రైలర్లు కూడా ఉన్నాయి. ముక్కు తేలికైతే వేగంలో ట్రైలర్ చేప తోకలా అటూ ఇటూ ఊగుతుంది. అది ముక్కు బరువెక్కడం కంటే ప్రమాదం. నీది అలాంటిదని తూకంలో తేలితే ముందు బాక్సు నీకు మేలే చేస్తుంది, కొంత సామాను వెనకనుంచి ముందుకు మార్చవచ్చు. ఒకటి గుర్తుంచుకో, ప్రయాణంలో వెనక నీళ్లూ తిండీ ఖర్చయ్యేకొద్దీ ముక్కు బరువు పెరుగుతూ పోతుంది. బయల్దేరేటప్పుడే పరిమితి అంచున ఉంటే తిరుగు ప్రయాణంలో దాటిపోతావు.

బరువు తేలాక చోటు సంగతి. ఇక్కడ టేపు పట్టుకుని కొలిచి సరిపెట్టుకోకు. పాత అట్టపెట్టెలు కోసి, నువ్వు అనుకుంటున్న బాక్సు అచ్చంగా అదే పొడవు, వెడల్పు, ఎత్తులో తయారుచేసి టంగ్ మీద తాడుతో కట్టు. ఒక సాయంత్రం పని. కానీ ఆ అట్ట డబ్బా చెప్పేంత నిజం ఏ కొలతల పట్టికా చెప్పదు. కారు తగిలించి డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి చూడు. బాక్సుకు తగిలి సగంలో ఆగిందంటే దారిలో పాలసీసా కావాలన్నా ట్రైలర్ విప్పాల్సిందే. జాకీ పిడి పట్టుకుని పూర్తిగా ఒక చుట్టు తిప్పు, వేళ్ల కణుపులు బాక్సుకు రాసుకోకూడదు. తర్వాత ఖాళీ స్థలంలో మెల్లగా రివర్స్ చేస్తూ, నువ్వు ఎప్పుడైనా తిప్పే అవసరం పడేంత గట్టి మలుపు తిప్పు. అల్లుడు పక్కన నిలబడి బాక్సు మూలకూ కారు బంపర్‌కూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో చూస్తాడు. జానెడైనా ఉండాలి. అక్కడ అట్ట నలిగితే నీకు పోయేదేమీ లేదు, అదే రేకు నలిగితే బాక్సూ బంపరూ రెండూ పోతాయి. వాలు మీద ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కారూ ట్రైలరూ మధ్యలో మడత పడ్డట్టు వంగుతాయి, అప్పుడు కూడా పైఅంచు తగలకూడదు.

నీ టంగ్ రెండు కడ్డీలు వి ఆకారంలో కలిసేదే కాబట్టి, ముందు వైపు సన్నగా వెనక వెడల్పుగా ఉండే బాక్సు బాగా ఒదుగుతుంది. మలుపుల్లో బంపర్‌కు దొరికే మూలలు దానికి ఉండవు. దీర్ఘచతురస్రపు బాక్సులో చోటు కాస్త ఎక్కువ వస్తుంది గానీ ఆ రెండు మూలలే ఎప్పుడూ తగువు. మూత ఏ వైపుకు తెరుచుకుంటుందో కూడా చూడు. వెనక్కి తెరుచుకునే మూత ట్రైలర్ ముందు వంపుకు కొట్టుకుంటే ప్రతిసారీ ఒక గీత. మీది ముందు కిటికీ ఉన్న మోడల్ కదా, మరీ జాగ్రత్త.

ఇక లోహం సంగతి. ఇనుము గట్టిదే, కానీ అదే మందంలో అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు బరువు. ముక్కు మీద ప్రతి కిలో లెక్కపెడుతున్న నీకు అది పనికిరాదు. ప్లాస్టిక్ తేలికే, తుప్పూ పట్టదు, కానీ ఎండకు కొన్నేళ్లలో పెళుసెక్కుతుంది, పొడుగాటి మూత మధ్యలో కుంగుతుంది. నా ఓటు సుమారు 2 మిల్లీమీటర్ల అల్యూమినియానికే. ఒక్క జాగ్రత్త ఉంది: అల్యూమినియం నేరుగా ఇనుప చట్రానికి తగిలి ఉండి, మధ్యలో తడి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. రెండింటి మధ్య రబ్బరు పట్టీ వేయించు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడు.

వాన గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న బాక్సులోనే మా దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. రాత్రి పది గంటలకు మూత ఎత్తితే అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు. పైనుంచి ఒక్క చుక్క రాలేదు. కారు వెనక చక్రాలు చిమ్మిన బురదనీళ్లు కిందినుంచి, ముందునుంచి కొట్టి, వైర్ల కోసం నేను వేసిన కంతలోంచి వచ్చాయి. నిలబడిన ట్రైలర్ మీద పడే వాన వేరు, పరుగెత్తే ట్రైలర్‌కు తగిలే నీళ్లు వేరు. అందుకని బాక్సు అంచు చూడు. మూత టోపీలా అంచు మీదుగా కిందికి దిగి ఉండాలి. లోపలి రబ్బరు బీడింగ్ బోలుగా, నొక్కితే మెత్తగా దిగి మళ్లీ లేవాలి. వట్టి స్పాంజి పట్టీ అంటించి ఉంటే ఒక్క ఎండాకాలానికి అణిగిపోతుంది. ఒక సన్నటి కాగితం ముక్క అంచు మీద పెట్టి మూత వేసి గొళ్ళెం పెట్టు, కాగితం లాగు. సులువుగా జారి వచ్చేసిందంటే అక్కడ నీళ్లకు దారి ఉంది. ఇలా చుట్టూ నాలుగు వైపులా, ముఖ్యంగా మూలల దగ్గర చూడు. కొన్నాక లోపల పాత పేపర్లు పరిచి, పైపుతో కిందినుంచి ఐదు నిమిషాలు నీళ్లు కొట్టించు. ఏ పేపరు తడిసిందో అదే చోటు చెబుతుంది. వైర్లు వెళ్లే కంతకు రబ్బరు గ్రామెట్ (కంత అంచుకు తొడిగే వలయం) బిగించి సీలెంట్ పెట్టు.

మధ్యలో ఒక్క తాళం ఉన్న పొడుగు మూత మూలల దగ్గర లేచి ఉంటుంది. చెరో వైపు ఒక గొళ్ళెం ఉండి రెండూ ఒకే తాళంచెవితో తెరుచుకునేది చూడు. మూతను ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్‌లు రెండుండాలి. ఒకటే ఉంటే, అది బలహీనపడిన రోజు మూత నీ చేతుల మీద పడుతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం నా మాట కాదనకు. గ్యాస్ సిలిండరునూ బ్యాటరీనీ ఒకే బాక్సులో పెట్టకు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే బాక్సు అడుగున పేరుకుంటుంది. బ్యాటరీ తీగ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండరు బయట దాని స్టాండులోనే ఉండనీ. లోపలే పెట్టాల్సి వస్తే అది దానికే ప్రత్యేకమైన గది కావాలి, అడుగున గాలి పోయే కంతలు ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, అది పైకి పోతుంది, కాబట్టి దాని గాలి కంతలు పైన ఉండాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఆ బాధ లేదు గానీ 0 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని చార్జ్ చేయకూడదు. ముందు బాక్సు ట్రైలర్‌లో అన్నిటికంటే చల్లబడే చోటు, చలికాలం తిరిగేవాళ్లయితే బ్యాటరీని లోపలికి మార్చే ఆలోచన చేయండి. ఏ బ్యాటరీ అయినా ప్లస్ తీగకు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి.

బిగించేవాడు చట్రం పైముఖాన్ని, కిందిముఖాన్ని డ్రిల్ చేద్దామంటే ఒప్పుకోకు. టంగ్ వంగకుండా కాపాడేవి ఆ రెండే. యు బోల్టులతో అడ్డపట్టీలు కట్టి వాటి మీద బాక్సు కూర్చోబెట్టమను. బాక్సు లోపల పెద్ద వాషర్లు, బయట నైలాన్ లాక్ నట్లు. సేఫ్టీ చైన్లు, బ్రేక్‌అవే తీగ (ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసేది), లైట్ల ప్లగ్గు తీగ బాక్సు కింద నలగకుండా వదులుగా తిరగాలి. మొదటి 100 కిలోమీటర్లు నడిచాక ఆగి నట్లన్నీ ఒకసారి పానాతో చూడు, కొన్ని సడలి ఉండవచ్చు.

నీ ఫొటోల్లో మొదటిది మరీ పెద్దది, నాకు నచ్చలేదు. రెండోది నల్లటి ఇనుము, చూడ్డానికి బావుంది గానీ బరువు. మూడోది, ముందు సన్నగా ఉన్న చిన్న అల్యూమినియం బాక్సు మీదికి నా మనసు పోతోంది. అయినా డబ్బు కట్టేయకు. ఈ ఆదివారం తూకం వేసి ఆ అంకె, అట్ట డబ్బా పెట్టి రివర్స్ చేసినప్పుడు మూల దగ్గర మిగిలిన ఖాళీ ఎంతో అది, రెండూ నాకు పంపు. అట్ట డబ్బా ఫొటో కూడా తీయించు.

మీ మామయ్య